సంక్రాంతి సెలవులకు తెచ్చుకున్న పుస్తకాలు: చదువుతున్నవి, చదవబోయేవి

తెలుగు పాఠకులకు పుస్తకాలు కొనే రోజులూ, వాటిని చదివే తీరిక దొరికే రోజులూ ఒకదాని వెంట ఒకటి వచ్చేది ఏడాదిలో ఒక్కసారే. డిసెంబరు రెండో సగంలో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, అది ముగిసీ ముగియకముందే జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, ఆ దుకాణాలు సర్దుకుంటూ ఉండగానే భోగి. 1989లో మొదలైన విజయవాడ మహోత్సవం చాలా ఏళ్ళపాటు స్వరాజ్య మైదానంలో జరిగింది. ఆ మైదానం అంబేద్కర్ స్మృతివనం అయ్యాక, 2025లో ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం ఆవరణలో జరిగింది. చోటు మారినా, అక్కడ నింపుకున్న సంచితోనే పండక్కి ఊరు వెళ్ళే అలవాటు మా ఇంట్లో మారలేదు. ఈసారి ఆ సంచిలో ఉన్నవాటిలో కొన్ని ఇప్పటికే చదువుతున్నాను, కొన్ని వరసలో ఉన్నాయి. పండగ ఇంట్లో ఏ పుస్తకం ఎలా నిలబడిందో, నిలబడుతుందని అనుకుంటున్నానో రాయడమే ఈ సమీక్ష ఉద్దేశం.

పండగ రోజుల్లో చదివే పుస్తకం తేలికగా ఉండాలని చాలామంది అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. తేలికా బరువా అన్నది కాదు, ఆ పుస్తకం నలుగురి మధ్య బయటికి చదవడానికి పనికివస్తుందా లేదా అన్నదే నా కొలత. దీనికి కారణం ఉంది. సంక్రాంతి ముందు వారంలో ఇంట్లో అందరికీ తీరిక సమానంగా ఉండదు. వసారాలో కుర్చీ వేసుకుని ఒకరు నవల చదువుకుంటున్నారంటే, లోపల వంటింట్లో మరొకరు వాళ్ళ పని కూడా కలిపి చేస్తున్నారని అర్థం. పిండివంటల దగ్గర కూర్చున్నవాళ్ళకు చేతులు ఖాళీగా ఉండవు గాని చెవులు ఖాళీగానే ఉంటాయి. అందుకని పుస్తకాన్ని వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకువెళ్ళి, అక్కడ కూర్చుని చదవడం కొన్నేళ్ళుగా నా పద్ధతి. అలా చదివితే ఏ రచయిత వాక్యం నోటికి పడుతుందో, ఏ రచయితది కంటికి మాత్రమే పడుతుందో నాలుగు పుటలు తిరక్కుండానే తెలిసిపోతుంది.

ఈ పరీక్షలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలకు సాటి వచ్చినవి నాకు ఇంతవరకు కనపడలేదు. ప్రస్తుతం చదువుతున్నది ఆయన కథల సంపుటమే. 1891లో తూర్పుగోదావరిలోని పొలమూరులో, వేదాధ్యయనమూ సంస్కృతమూ తప్ప తెలుగు రాతకు విలువ ఇవ్వని కుటుంబంలో పుట్టి, ఇంటివాళ్ళకు ఎదురు నిలిచి తెలుగులోనే రాస్తానని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆ పట్టుదల కథల్లో ఉపన్యాసంగా కాక మాటతీరుగా కనిపిస్తుంది. రచయిత పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పడం చాలా తక్కువ. మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు, ఆ మాటల్లోంచే ఇల్లు, వీధి, వయసు, కోపం, చుట్టరికం అన్నీ తెలుస్తూ ఉంటాయి. ఎవరు మాట్లాడుతున్నారో ప్రతిసారీ పేరు పెట్టి చెప్పకపోయినా, మాట వినగానే మనిషి తెలిసిపోవడం బయటికి చదివేవాళ్ళకు పెద్ద వరం. గొంతు మార్చనక్కర లేదు. వాక్యమే గొంతు మారుస్తుంది.

అరిసెల పాకం పట్టిన రోజున నేను చదివినది ‘అరికాళ్ళ కింద మంటలు’. వితంతువైన ఒక చిన్నపిల్లను పుట్టినింట్లోనే అందరూ చాకిరీకి వాడుకుంటూ ఉంటారు. ఒకరి కేక ముగియకుండానే మరొకరి కేక, ఒక పని చేతిలో ఉండగానే రెండో పని. ఆ అమ్మాయి కష్టాన్ని వర్ణించడానికి రచయిత ప్రత్యేకంగా పూనుకోడు. ఆ పిలుపులనే ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతాడు, అంతటితో మనకు ఊపిరాడదు. మా వదిన పాకం తీగ ముదిరిందో లేదో పళ్ళెంలో నీళ్ళు పోసి చూస్తోంది. పెద్దమ్మ నువ్వులద్దిన చలిమిడి ముద్దను ఆకు మీద ఒత్తుతోంది. సావిట్లోంచి ఎవరో కాఫీ అడిగారు, ఇంకెవరో తువ్వాలు ఎక్కడుందని అడిగారు. పుస్తకంలో కేకలూ ఇంట్లో కేకలూ కలిసిపోయి ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. కొసకు వచ్చేసరికి పెద్దమ్మ ఒత్తడం ఆపేసి, “ఆ పిల్ల జట్కా ఎక్కిందా లేదా, ముందది చెప్పవే” అంది. అర్ధరాత్రి ఇల్లు విడిచి, రాజమండ్రిలో వీరేశలింగంగారి తోటకు పోనిమ్మని బండివాడిని అడిగే ఆ ఘట్టం వచ్చాక, సావిట్లోవాళ్ళ కాఫీ సావిట్లోవాళ్ళే వచ్చి కలుపుకున్నారు. ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం ఒక కథకు నేను ఇవ్వలేను.

‘గులాబీ అత్తరు’ ఇంకో తీరుది. ఎంతో దూరం నుంచి పెద్దాపురం ప్రభువు కోసం అత్తరు తయారుచేసి తెచ్చిన సాహెబును, ఆ ప్రభువు దగ్గరికి చేరనివ్వని ఉద్యోగుల కథ. పనితనం ఎరిగినవాడికీ, దాన్ని ఆదరించగలవాడికీ నడుమ అడ్డంగా కూర్చున్నవాళ్ళు ఎంత నష్టం చేస్తారో అంత సున్నితంగా చెప్పిన కథ తెలుగులో అరుదు. ‘వడ్లగింజలు’ చాలా పెద్దది. చదరంగం ఎత్తుల చుట్టూ నడిచే ఆ కథను ఒక్క విడతలో బయటికి చదవడం కష్టం. రెండు మధ్యాహ్నాలకు పంచుకోవడం మేలు. ఆట తెలియనివాళ్ళకు నడుమ కొంత విసుగు కలగవచ్చునని కూడా చెప్పాలి. కాని రాజుగారి ముందు ఒక కుర్రవాడు వెనకాడకుండా కూర్చునే తీరు ఆ విసుగును మరిపిస్తుంది.

నా దగ్గరున్న ప్రతి గురించి మాత్రం ఫిర్యాదు ఉంది. అక్షరం చిన్నది, వెనక పుటలోని అచ్చు ఇవతలికి కనిపించేంత పలచని కాగితం, పుస్తకాన్ని పూర్తిగా తెరిచి పట్టుకుంటే జిగురు విడిచే బైండింగు. అన్నిటికంటే పెద్ద లోపం, ఏ కథ ఎప్పుడు ఏ పత్రికలో తొలిసారి అచ్చయిందో ఒక్క ముక్క లేకపోవడం. దాదాపు వందేళ్ళ కిందటి కథకు ఆ వివరం అలంకారం కాదు, అవసరం. తెలుగు ప్రచురణకర్తలలో చాలామంది దీన్ని పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కొనేవాళ్ళు ప్రదర్శనలోనే రెండు మూడు ముద్రణలు పక్కపక్కన పెట్టి, పుట మధ్యలో తెరిచి చూసి కొనడం మంచిది. అక్కడ ఇచ్చే పది శాతం తగ్గింపు కంటే ఈ సౌకర్యమే ఎక్కువ విలువైనది. శ్రీపాదవారి కథలు నచ్చినవాళ్ళు తరవాత ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తప్పక చదవాలి.

వీటితోపాటు విరామంలో చదువుతున్నది శంకరమంచి సత్యంగారి ‘అమరావతి కథలు’. నూరు కథలు, అన్నీ రెండు మూడు పుటలవే, కథకొక బాపు బొమ్మ. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చిన రోజుల్లోనే పేరు తెచ్చుకుని, తరవాత శ్యామ్ బెనెగళ్ చేతిలో హిందీ ధారావాహిక అయ్యాయి. పొయ్యి మీద మూకుడు కాగేలోగా ఒక కథ పూర్తవుతుంది కాబట్టి పండగ ఇంటికి ఇవి సరిగ్గా సరిపోతాయి. తొలి కథ ‘వరద’లో కృష్ణ పొంగి ఊరిని ముంచినప్పుడు కులాల గీతలు కాసేపు చెరిగిపోయి, నీరు తీయగానే మళ్ళీ బయటపడడం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయితే నూరింటిలోనూ అంత పదును లేదు. కొన్ని కథల్లో ఊరిమీది మమకారం మరీ తీపెక్కి, చివరి వాక్యం ముందుగానే తెలిసిపోతుంది. రోజుకు మూడు నాలుగు కథలకు మించకుండా చదివితే వాటి అందం నిలుస్తుంది; వరసపెట్టి చదివితే ఒకదాని రుచి ఇంకొకటి చెడగొడుతుంది.

నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’ కూడా తెచ్చాను గాని దాన్ని నేను చదవలేదు, చదివించాను. చిత్తూరు పల్లె మాటను కృష్ణాజిల్లా నోటితో చదివితే ఆ కథలకు అన్యాయం జరుగుతుంది. మా చిన్నాన్నగారి కోడలిది పీలేరు వైపు. ఆ అమ్మాయి చదువుతుంటే మాకు రెండో పుటకే ఆ యాస అలవాటైపోయింది.

ఇక వరసలో ఉన్నవాటి సంగతి. డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ను భోగి ముందు రాత్రికి అట్టేపెట్టాను. ఇదివరకు చదివినదే అయినా మళ్ళీ చదవాలని ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు ఏళ్ళ తరబడి వైద్యం చేసి, 2015లో కన్నుమూసిన రచయిత ఆయన. ఈ చిన్న నవలలో పేరు లేని ఒక ముసలివాడు, తప్పిపోయిన చూడి పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి వెళతాడు. ఈనిన పంది, దాని పిల్లలు, పొంచి ఉన్న నక్కలు, చేతిలో ఈటె, ఇంతే సరంజామా. ముసలివాడికి అడవి గురించి తెలియనిది లేదు. తెలిసినదంతా ఆ రాత్రి ఒక్కొక్కటిగా అక్కరకు వస్తుంది, అయినా చాలదు. సంభాషణ దాదాపు లేని పుస్తకం ఇది. పదిమందిలో బయటికి చదివితే దీని బలం సగానికి సగం పోతుంది. అందరూ పడుకున్నాక, ఎవరూ లేపరన్న భరోసాతో, మొదలుపెట్టిన రాత్రే ముగించాలి. పండగనాడు ఇంత కఠినమైన పుస్తకం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. పంటా పశువూ చల్లగా ఉండాలని మొక్కుకునే పండగ ఇది. పశువు మీద బతుకు పెట్టుకున్న మనిషి గురించి ఇంత నిజాయితీగా రాసిన పుస్తకానికి ఇంతకంటే తగిన రోజు ఏముంటుంది?

కనుమనాడు మధ్యాహ్నం నుంచి డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ మొదలుపెడతాను. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల కావడం వల్ల ప్రకరణాలు కుదురుగా ఉంటాయి, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చి మళ్ళీ అందుకోవచ్చు. దీని ఆధారంగా 1963లో తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’ చూసినవాళ్ళు కథ తెలిసిపోయిందనుకోకూడదు. నవలలోని ఇందిర సినిమాలో ఒదిగే మనిషి కాదు. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకు కావలసినది కావాలని అడిగే ఆ అమ్మాయిని రచయిత్రి వెనకేసుకురాదు, దండించదు కూడా. మెడిసిన్ చదువుతూ ధైర్యం చాలని ప్రకాశాన్ని చూపించినంత నిష్పక్షపాతంగా ఆమెనూ చూపిస్తుంది. 1961లో, ముప్పై ఒకటి రెండేళ్ళ వయసులోనే చనిపోయిన వైద్యురాలు ఈ ఒక్క నవలతోనే ఇంత ఎత్తున నిలిచింది. ఇంట్లో పెళ్ళి సంబంధాల మాటలు నడిచేది సంక్రాంతికే కాబట్టి, మా ఆడపడుచు కూతురు చేతికి ఈ పుస్తకం అందేలా చూడాలని నా కోరిక.

ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న మా మేనల్లుడికి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’ ఇచ్చాను. 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందిన ఈ నవల, కరువులో గొర్రెలను మేపుకోవడానికి నల్లమలకు తోలుకువెళ్ళే కాపరులతో మనల్నీ అడవిలోకి నడిపిస్తుంది. 2021 నాటి సినిమా కంటే పుస్తకంలో గొర్రెల సంగతులు చాలా ఎక్కువ, అదే దాని గొప్ప.

బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’ని మాత్రం పండగలో ముట్టుకోను. తానా బహుమతీ, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారమూ అందుకున్న ఈ నవల పద్ధెనిమిదో శతాబ్దపు రాయలసీమను తిరిగి నిలబెట్టే ప్రయత్నం. ఆనాటి పాలన, కులవృత్తులు, కరువు అన్నీ కలిసి నడుస్తాయి కాబట్టి రోజూ కనీసం ఒక గంట తెగకుండా కూర్చుంటేనే లోపలికి వెళ్ళగలం. ముక్కనుమ దాటి, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాకే దానికి సమయం.

తిరుగు ప్రయాణంలో రైల్లో చదవడానికి తల్లావజ్ఝల పతంజలిశాస్త్రిగారి ‘రామేశ్వరం కాకులు’ సంచి పైజేబులో పెట్టాను. 2023లో అకాడెమీ పురస్కారం వచ్చిన కథల సంపుటం ఇది. ప్రదర్శనలో నిలబడి మొదటి పుటలు చదివినంతలోనే, వాక్యం పొదుపూ, చెప్పకుండా వదిలేసిన చోట్లూ నన్ను ఆపేశాయి. బయటికి చదవవలసిన కథలా, లోపలే చదువుకోవలసినవా అన్నది ఇంకా తేల్చుకోలేదు. రెండు మూడు కథలు అయ్యాక పక్క బెర్తులో ఉండే మా వదినకు ఒకటి చదివి వినిపించి చూస్తాను.