సైబర్‌పంక్ 2077: 300 గంటలు ఆడాక నా మాట

ఈ గేమ్‌లో 300 గంటలు దాటాక రాస్తున్నాను, కాబట్టి ఇవి మొదటి వారం మోజులో అంటున్న మాటలు కావు. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాకే కొన్నాను, అదీ పీసీ మీద. 2020 డిసెంబరు 10న జనం చేతికొచ్చిన సైబర్‌పంక్ వేరు, నేను ఆడింది వేరు. ఈ ముక్క ముందే చెప్పకపోతే నా పొగడ్తలకి విలువ లేదు.

అప్పట్లో ఎందుకు ఆగానంటే, అంతకు ముందు ఓ పెద్ద పబ్లిషర్ పేరు చూసి ఫుట్‌బాల్ గేమ్ ఒకటి విడుదల కాకముందే డబ్బు కట్టి ప్రీఆర్డర్ చేశాను. తీరా చూస్తే పాత ఏడాది గేమ్‌కే కొత్త జెర్సీలు తొడిగారు. డబ్బులు వెనక్కి అడిగితే కుదరదన్నారు. ఆ రోజే ప్రీఆర్డర్లు మానేశాను. అయినా సైబర్‌పంక్ తీసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి లాగింది, ఎందుకంటే ఆ పోలెండ్ వాళ్ల అంతకుముందు గేమ్ విచర్ 3ని నేను రెండుసార్లు పూర్తి చేశాను. 2015లో అది కొన్నవాళ్లందరికీ 16 చిన్న డీఎల్‌సీలు (గేమ్‌కి అదనంగా దించుకునే ముక్కలు) ఉచితంగా ఇచ్చారు, ఇక ఆ గేమ్‌లో బ్లడీ బ్యారన్ కథ ఆడినవాళ్లు ఆ తాగుబోతు తండ్రిని తిట్టాలో జాలిపడాలో తెలియక కూర్చుంటారు. అలాంటి వాళ్లు చెత్త గేమ్ ఇస్తారని ఎవరు అనుకుంటారు?

ఆ నమ్మకమే జనాన్ని ముంచింది. విడుదలకు ముందు రివ్యూ రాసేవాళ్లకి పీసీ కాపీలే ఇచ్చారు, సోనీ వాళ్ల పీఎస్4 కన్సోల్ మీద ఎలా ఆడుతుందో కొనేదాకా ఎవరికీ తెలియనివ్వలేదు. తీరా చూస్తే అక్కడ బగ్గులతో (ప్రోగ్రామ్ లోపాలతో) సరిగ్గా ఆడనే లేదు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి డబ్బులు వాపసిచ్చింది, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. పీసీ కాపీలిచ్చి కన్సోల్ కాపీలు దాచడం నా దృష్టిలో బగ్గుల కంటే పెద్ద తప్పు. బగ్గు సరిచేయొచ్చు, ఇది తెలిసి చేసిన పని.

ఇక నేను ఆడిన గేమ్ సంగతి. కథ జరిగే నగరం నైట్ సిటీలో వాన పడుతున్న రాత్రి కారాపి, మిషన్ ఏదీ పెట్టుకోకుండా ఊరికే నడిచిన గంటలే ఎక్కువ. 2.0లో పర్కులన్నీ (మన పాత్రకి ఎంచుకునే నైపుణ్యాలు) మొదటి నుంచి మార్చారు, రక్షణని బట్టల నుంచి తీసి సైబర్‌వేర్‌కి, అంటే ఒంట్లో అమర్చుకునే యంత్రాలకి ఇచ్చారు, దాంతో నచ్చిన చొక్కా వేసుకుని తిరగొచ్చు. పోలీసులు గాల్లోంచి ఊడిపడకుండా నిజంగా కార్లలో వెంటపడతారు. 2.1లో మెట్రో రైలు కూడా వచ్చింది, కిటికీ పక్కన కూర్చుని ఊరంతా చూడొచ్చు. ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ మాత్రం విడిగా డబ్బు పెట్టి కొనాల్సిందే, పెట్టొచ్చు కూడా. అందులో సాంగ్‌బర్డ్ అనే హ్యాకర్‌ని నమ్మాలా రీడ్ అనే గూఢచారిని నమ్మాలా అనే దగ్గర గేమ్ పాజ్ చేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను, ఎటు వెళ్లినా ఒకరికి ద్రోహం చేసినట్టే ఉంటుంది.

ఇంత ఇష్టమున్నా ఒకటి మింగుడుపడదు. 2.0, ఫాంటమ్ లిబర్టీ రెండూ పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకి రాలేదు. అంటే మొదటి రోజు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకే ఈ మంచి గేమ్ అందలేదు. కంపెనీ తన పేరు తిరిగి తెచ్చుకుందని అందరూ అంటున్నారు, నిజమే, మూడేళ్లు కూర్చుని బాగుచేసినందుకు గౌరవం ఉంది, కానీ ఆ పాత కన్సోల్ వాళ్ల లెక్క ఇంకా తీరలేదు.

మంచి పీసీ, పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్‌లలో ఏదున్నా సేల్‌లో కళ్లు మూసుకుని కొనండి. పీఎస్4 మాత్రమే ఉంటే వద్దు. అదే కంపెనీ విచర్ 4 ట్రైలర్‌లో, విచర్ 3లో పరిచయమైన సిరిని చూసి నేను కూడా గంతులేశాను, కానీ అది వచ్చాక మామూలు కన్సోల్ మీద మామూలు ఆటగాడు ఆడిన వీడియో చూసేదాకా ఒక్క రూపాయి తీయను.