సీపీఎల్ శిక్షణ సమీక్ష: 200 గంటల్లో జారిపోయేది ఎక్కడ?

డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లెక్కలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, అంటే సీపీఎల్‌కు, 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా), ఆ వందలో 50 క్రాస్ కంట్రీ (ఒక చోటు నుంచి దూరంగా ఇంకో చోటికి). రోజుకు గంట ఎగిరినా ఏడు నెలల్లో అయిపోవాలి. చాలామందికి ఏడాదిన్నర దాటుతుంది. మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమంది ఎగరడం చేతకాక మానరు. ఒక సార్టీకీ (ఒకసారి ఎగిరి దిగడం) ఇంకో సార్టీకీ మధ్య పెరిగే ఖాళీయే వాళ్లను మాన్పిస్తుంది.

ఆ ఖాళీకి కారణాలు మామూలువే. ఎగిరిన 50 గంటలకు, 100 గంటలకు చేసే తనిఖీలకు విమానం హ్యాంగర్‌లో ఉంటుంది, విడిభాగం రాదు. వర్షాకాలంలో మబ్బు, చలికాలంలో పొగమంచు. కంటిచూపుతో ఎగరడానికి 5 కిలోమీటర్ల విజిబిలిటీ (చూపు ఆనే దూరం) కావాలి, ఉదయం ఎనిమిది దాటినా అది రాని రోజులుంటాయి. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు వెళ్లిపోయినా, వీఐపీ విమానం వస్తుందంటే శిక్షణ ఆగాల్సిందే. రెండు వారాలు ఆగితే సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) ముందు మళ్లీ డ్యూయల్ చెక్, అంటే శిక్షకుడితో కలిసి ఎగిరి చూపడం. ఆ గంటకు డబ్బూ మళ్లీ కట్టాలి.

మొదటి పెద్ద గండం సోలోకు ముందు ల్యాండింగ్. రెండు సీట్ల శిక్షణ విమానం సెస్నా 152లో ఫైనల్‌పై (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారిలో) వేగం 60-65 నాట్లు పట్టుకోవాలి. అయిదు నాట్లు ఎక్కువైనా విమానం రన్‌వే మీద తేలుతూ పోతుంది. విద్యార్థి ముక్కు ముందున్న నేలను చూస్తాడు, అందుకే పది పదిహేను అడుగుల ఎత్తులోనే కాలమ్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే కంట్రోల్) లాగేస్తాడు. చూపు రన్‌వే చివరికి మార్చితే ఈ తప్పు చాలావరకు పోతుంది. విమానం నేలకు తగిలి ఎగిరిపడితే ముక్కు కిందికి తోయకూడదు, నోస్ వీల్ (ముందు చక్రం) దెబ్బతింటుంది. ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవాలి. ట్రిమ్ (కాలమ్ మీద బరువు తగ్గించే సర్దుబాటు) సరిచేయకుండా కాలమ్ బిగబట్టడం ఇంకో జబ్బు. ఇరవై గంటలకూ సోలో రాకపోతే పిల్లలు కుంగిపోతారు, కానీ ఆ దశలో వాళ్లకు నిజంగా కావాల్సింది వరసగా నాలుగు రోజుల సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగే సాధన). కడుపులో తిప్పడం అంత పెద్ద విషయం కాదు, కొన్ని సార్టీల్లో తగ్గుతుంది.

నిలబడేవాళ్లలో కనిపించేది ముందుచూపు. ఫీజు కట్టకముందే క్లాస్ 2 తర్వాత క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రాలు) తెచ్చుకుంటారు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు చేరకముందే పాసవుతారు. ఒక్కోదానికి 70 శాతం రావాలి, ఎగురుతూ చదివితే రెండూ కుంటుపడతాయి. ఇంట్లో కుర్చీలో కూర్చుని సర్క్యూట్ మొత్తం చేతులతో, నోటితో చెప్పుకుంటారు. ఖర్చు లేని ఈ సాధన చేసేవాళ్లు తక్కువ, అదే బాధ.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. ఖర్చు అరకోటికి అటూఇటూ, టైప్ రేటింగ్ (ఒక రకం పెద్ద విమానం నడిపేందుకు విడిగా తీసుకునే అర్హత) దానికి అదనం. పొలం అమ్మి కట్టే ఇళ్లున్నాయి కాబట్టి మొత్తం ఒకేసారి కట్టవద్దు, ఎగిరిన గంటల మీద వాయిదాలు అడగండి. విమానాలెన్ని అని కాదు, ఈరోజు ఎగిరే స్థితిలో ఉన్నవెన్ని, విద్యార్థులెంతమంది, గత నెలలో మొత్తం ఎన్ని గంటలు ఎగిరారు అని అడగండి. జవాబు చెప్పని స్కూల్లో చేరకండి.

180 గంటల దగ్గర ఆగినవాళ్లకు ఒక మాట. స్కిల్ టెస్టులు (ఎగిరి చూపే పరీక్షలు), పైలట్ ఇన్ కమాండ్‌గా 15 గంటలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లోపువి అయి ఉండాలి. అందుకే టెస్టు తేదీ ఖరారయ్యాకే మిగిలిన గంటలు పెట్టుకోండి.