భీమవరం ఎగ్జిబిషన్ భూత్ బంగ్లా: నెట్‌లో పుట్టిన దెయ్యాలు నాలుగు, పని చేసింది ఒక్కటి

టిక్కెట్టు 80 రూపాయలు. లోపల ఉండేది ఆరేడు నిమిషాలు. జెయింట్ వీల్‌కీ కొలంబస్‌కీ మధ్య, ఢిల్లీ అప్పడాల బండికి ఎదురుగా ఉంటుంది. కట్టడం పాతదే: ఇనప ఫ్రేము, దానికి బిగించిన ప్లైవుడ్, పైన నల్ల టార్పాలిన్, ముందు నోరు తెరిచిన పుర్రె. ఈసారి మాత్రం పెట్టెలోంచి లేచే అస్థిపంజరాన్నీ తెల్లచీర దెయ్యాన్నీ మూలన పడేసి, 'ఇంటర్నెట్ దెయ్యాలు' అని కొత్త ఫ్లెక్సీ కట్టారు. నాలుగు గదులు. ఒక్కో గదిలో ఒక్కోటి: స్లెండర్ మ్యాన్, మోమో, సైరన్ హెడ్, బ్యాక్‌రూమ్స్. ఆలోచన బాగుంది. కానీ పెట్టిన ఖర్చుకీ పుట్టిన భయానికీ లెక్క తిరగబడింది. డబ్బు ధారపోసిన గదుల్లో జనం నవ్వుతున్నారు. ఏమీ లేని గదిలో నోరు మెదపట్లేదు.

మొదటి గదిలో స్లెండర్ మ్యాన్. ఎనిమిదడుగుల బొమ్మ, నల్ల కోటు, ముఖం మీద బిగించి కట్టిన తెల్లగుడ్డ, కింద నుంచి ఎర్ర లైటు. తలుపు తియ్యగానే ఎదురుగా నిలబడి ఉంటుంది. అక్కడే చెడింది. 2009 జూన్‌లో ఎరిక్ నడ్సెన్ అనే అమెరికన్, సమ్‌థింగ్ ఆఫుల్ అనే సైట్‌లో ఒక సరదా పోటీ కోసం దీన్ని పుట్టించాడు. మామూలు ఫోటోల్ని దెయ్యం ఫోటోల్లా మార్చి పెట్టడం అక్కడి ఆట. అతను పెట్టినవి రెండే, నలుపు తెలుపువి. ముందు పిల్లలుంటారు, వెనకాల ఎక్కడో సన్నగా, పొడుగ్గా ఓ ఆకారం. మొదటి చూపుకి ఆనదు. ఒకసారి ఆనిందా, ఇక కళ్ళు దాన్ని వదలవు. కింద రెండు ముక్కలు: 1986లో తీసిన ఫోటో, ఆ రోజే 14 మంది పిల్లలు మాయమయ్యారు, తీసినావిడ ఆచూకీ లేదు. ఆ ఆకారం ఎవరిదో, పిల్లల్ని ఏం చేసిందో విడమర్చి చెప్పలేదు.

ఆ ఆటలో ఉన్నవాళ్ళందరికీ అది కల్పితమని తెలుసు. ఫోటో అక్కణ్ణించి వేరే సైట్లకి, వీడియోల్లోకి, 2012 వచ్చేసరికి ఉచితంగా దొరికే ఒక గేమ్‌లోకీ పాకింది. 'ఇది ఆట' అన్న మాట మాత్రం దాని వెంట రాలేదు. ముఖం ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు అతికించారు. అది దగ్గరికొస్తే దగ్గు పట్టుకుంటుందన్నారు ఒకరు. మన ఊళ్ళల్లో కొరివి దెయ్యానికి జరిగిందీ ఇదే, కాకపోతే దానికి కొన్ని తరాలు పట్టింది, దీనికి మూడేళ్ళు చాలింది. 2014లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇద్దరు పన్నెండేళ్ళ పిల్లలు దీన్ని నిజమని నమ్మి తోటి పిల్లని కత్తితో పొడిచారు. ఆ పిల్ల బతికి బయటపడింది. గది గోడ మీద రాసిన కథలో ఈ సంగతి ఎక్కించలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

నిజానికి ఈ గదికి బొమ్మే అక్కర్లేదు. క్యూ నిలబడే చోట పాత స్కూల్ గ్రూప్ ఫోటో ఒకటి, 12 బై 18 సైజులో, మెరవని కాగితం మీద ప్రింటు తీయించి వేలాడదీస్తే చాలు. వెనకాల కొబ్బరితోట. మూడో చెట్టుకీ నాలుగో చెట్టుకీ మధ్య ఇంకొక చెట్టు, దానికి మట్టలుండవు. బాణం గుర్తు పెట్టకూడదు, కింద పేరు రాయకూడదు. పది నిమిషాలు నిలబడ్డ మనిషి తనంతట తనే కనిపెట్టి, పక్కవాడి భుజం తట్టి చూపిస్తాడు. లోపలికి అడుగు పెట్టకముందే సగం పని అయిపోతుంది. ఇంటర్నెట్ చేసింది కూడా ఆ భుజం తట్టడమే.

రెండో గదిలో మోమో. ఫైబర్ బొమ్మ, పెద్ద పెద్ద గుడ్లు, చెవుల దాకా సాగిన నోరు, నల్లటి అతుకుల జుట్టు. బొమ్మ పనితనం బాగుంది, గుడ్ల మీద వార్నిష్ వేయడంతో నిజంగానే తడిగా కనిపిస్తున్నాయి. అయినా ఇక్కడే అందరికంటే ఎక్కువ నవ్వులు వినపడతాయి. ఎందుకంటే కాళ్ళు కూడా పెట్టారు. అసలు శిల్పం 2016లో టోక్యోలోని ఒక గ్యాలరీలో ప్రదర్శనకి పెట్టింది, కీసుకె ఐసో అనే కళాకారుడిది. పురిట్లో పోయిన ఆడమనిషి దెయ్యమై తిరుగుతుందన్న జపాన్ నమ్మకం దానికి ఆధారం. మనకీ కొత్త కాని నమ్మకమే. ఆ శిల్పానికి కింద పక్షి కాళ్ళుంటాయి. 2018లో వాట్సాప్‌లో తిరిగిన ఫోటోలో వాటిని కోసేసి ముఖమూ ఛాతీ మాత్రమే ఉంచారు. ఆ కత్తిరింపుతోనే అది భయపెట్టింది. ఇక్కడ శాస్త్రోక్తంగా కాళ్ళతో సహా నిలబెట్టేసరికి, కోడిపందేల గడ్డ మీద పిల్లలు ఊరుకుంటారా? 'ఇది డేగా, కాకా?' అని అడుగుతున్నారు. నడుము దాకా నల్లగుడ్డ కట్టేస్తే సరిపోయేది, మీటరున్నర గుడ్డ.

అసలు శిల్పం రబ్బరుతో చేసింది కావడంతో కుళ్ళిపోయి, 2018లోనే పారేశారు. బొమ్మ పోయాక భయం ఇంకా పెరిగింది. మోమో పిల్లల్ని తమకి తామే హాని చేసుకోమంటోందన్న పుకారు నమ్మి 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో స్కూళ్ళు తల్లిదండ్రులకి హెచ్చరికలు పంపాయి. పిల్లల సంక్షేమ సంస్థలేమో దీనివల్ల ఎవరికీ హాని జరిగిన ఆధారం లేదని మొత్తుకున్నాయి. పిల్లలకి మోమోని చేర్చింది ఎక్కువగా పెద్దవాళ్ళ జాగ్రత్తే. 'మీ పిల్లల మేలు కోసం పది మందికి పంపండి' అని వచ్చినదాన్ని పంపకుండా ఉండటానికి గుండె ధైర్యం కావాలి, పంపితే పోయేదేముందిలే అనిపిస్తుంది. 2018లోనే, పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు నమ్మి మన దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకి కుదించింది. దెయ్యం కథకీ ముఠా కథకీ బండి ఒకటే, లోపల సరుకు వేరు. హెచ్చరికే భయం పుట్టిస్తుందన్న ఈ కిటుకు బంగ్లా వాళ్ళకి తెలియకుండానే పట్టుబడింది: కౌంటరు పక్కన 'గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు లోపలికి రావద్దు' అన్న బోర్డు మొత్తం సెట్టులో రెండో మంచి వస్తువు.

సైరన్ హెడ్ గది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కెనడా బొమ్మల కళాకారుడు ట్రెవర్ హెండర్సన్ 2018లో వేసిన ఆకారం. 40 అడుగుల ఎండుకట్టె ఒళ్ళు, తలకి బదులు రెండు సైరన్లు. రోడ్డు పక్క స్తంభంలా కలిసిపోయి ఉండటమే దాని బలం. దాన్ని తీసుకొచ్చి పదడుగుల కప్పు కింద కుక్కితే మెడ వంచిన బట్టల స్టాండులా ఉంది. గొట్టం మైకులు కట్టిన స్తంభాలు ఎగ్జిబిషన్ గ్రౌండ్ నిండా ఉన్నాయి కదా, బయటే వాటి మధ్య నిలబెట్టుంటే? చిత్రమేమిటంటే, ఈ గదిలో ఒకే ఒక్క క్షణం ఒళ్ళు జలదరిస్తుంది, అది వాళ్ళు పెట్టింది కాదు. ప్లైవుడ్ సందుల్లోంచి ఎనౌన్స్‌మెంట్ మైకు వినపడుతుంది: 'నీలం చొక్కా, ఐదేళ్ళ బాబు... ఎక్కడున్నా...' సగం మాటలు గాలికి పోతాయి. ఆ స్పీకరు తీగ ఒకటి లోపలికి లాగితే ఈ గది బతుకుతుంది.

ఇక నాలుగోది, బ్యాక్‌రూమ్స్. లోపలికెళ్ళేసరికి ఏమీ ఉండదు. పన్నెండడుగుల గది, వెలిసిన పసుపు రంగు గోడలు, అడ్డదిడ్డంగా పెట్టిన చెక్క గోడలు రెండు, పైన నాలుగు ట్యూబ్‌లైట్లు, కింద తడి పీచు పట్టా. మూల తిరిగితే ఇంకో గది, అచ్చం అలాగే. మళ్ళీ తిరిగితే మళ్ళీ అదే. మొత్తం మూడు. వేషం వేసిన మనిషి లేడు, టుస్సుమనే గాలి గొట్టం లేదు.

2019 మేలో ఫోర్‌చాన్ అనే సైట్‌లో పేరు చెప్పని ఎవరో పెట్టిన ఒక్క పసుపు గది ఫోటో, దాని కింద ఒక పేరా దీనికి మూలం. లోకంలోంచి పొరపాటున జారిపోతే ఇక్కడ పడతావని, 60 కోట్ల చదరపు మైళ్ళ ఖాళీ గదులని, తడి కార్పెట్ వాసన, లైట్ల రొద తప్ప ఇంకేం లేదని రాశారు. దగ్గర్లో ఏదో తిరుగుతున్న అలికిడి నీకు వినపడితే, నీ అలికిడి దానికి వినపడే ఉంటుందని చివర్లో తగిలించారు. 2022 జనవరిలో పదహారేళ్ళ కుర్రాడొకడు కంప్యూటర్ మీద చేసిన వీడియోతో ఇది అందరికీ చేరింది. ఫోటో ఎక్కడిదో 2024లో దొరికింది: విస్కాన్సిన్‌లోనే ఆష్‌కోష్ అనే ఊళ్ళో, మరమ్మతుల్లో ఉన్న ఒక బొమ్మల సామాన్ల షాపు, 2002లో తీసింది. గుట్టు తెలిసినా ఫోటో పస తగ్గలేదు. స్లెండర్ మ్యాన్ మన ఊరివాడు కాదని సర్దిచెప్పుకోవచ్చు. పెళ్ళివారు వెళ్ళిపోయిన మర్నాటి ఫంక్షన్ హాలు, వేసవి సెలవుల్లో కాలేజీ రెండో అంతస్తు చూడనివాళ్ళెవరు?

ఈ గది కట్టినవాడెవడో పని తెలిసినవాడు. ఎలక్ట్రానిక్ చోక్ గానీ ఎల్‌ఈడీ గానీ వాడలేదు, పాత కాపర్ చోకులే వెతికి తెచ్చాడు. మన కరెంటు 50 సైకిళ్ళది కాబట్టి వాటిలోని రేకులు సెకనుకి వందసార్లు వణుకుతాయి, ఆ వణుకే రొద. చోకు పట్టీ స్క్రూలు అర చుట్టు వదులు చేసి ప్లైవుడ్‌కి బిగించడంతో గోడంతా మోగుతోంది. ఒక లైటుకి అరిగిన స్టార్టరు వేశాడు, వెలగనా మాననా అని కొట్టుకుంటూ ఉంటుంది. వాసన పీచు పట్టాది. నీళ్ళు చల్లి ఎండనివ్వకుండా ఉంచితే మూడోరోజుకి సరిగ్గా ఆ ముక్క వాసన వస్తుంది.

అన్నిటికంటే గట్టి దెబ్బ కరెంటు పోయినప్పుడు. జనరేటరు అందుకునే లోపు నాలుగైదు సెకన్లు చీకటి. బ్యాచ్‌లో ఎవరూ అరవలేదు, ఊపిరి బిగబట్టారు. చీకటి కంటే రొద ఆగడమే వాళ్ళని పట్టుకుంది. ఈ చుట్టుపక్కల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటాయి, ఆ చప్పుడులో నిద్రపోతారు. తెల్లవారుజామున అది ఆగిందంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది, పంచె ఎగ్గట్టుకుని గట్టు మీదికి పరిగెత్తాలి. చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచే జనానికి ఈ గది చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

లోపాలు చెప్పుకోవాలంటే, ఆదివారం రాత్రి ఒక్కో బ్యాచ్‌కి పన్నెండు మందిని తోలుతున్నారు. అంతమంది ఉంటే ఖాళీ గది ఖాళీగా ఉండదు, 80 రూపాయలూ దండగ. సోమవారం నుంచి గురువారం లోపు, తొమ్మిదిన్నర దాటాక వెళ్ళండి. నలుగురి బ్యాచ్ అడిగితే కౌంటర్లో కుర్రాడు కాదనట్లేదు. వరసలో చివర నడవండి. రెండు, మూడు గదుల్లో 'నడవండి నడవండి' అని వెనకనుంచి ఒకాయన అరుస్తుంటాడు, ఆయన్ని నాలుగో గది గుమ్మం దగ్గరే ఆగమనండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి మోమో బొమ్మ వద్దు, నవ్విన పిల్లలే రాత్రి పక్క తడుపుతారు. బయటికి దారి ఒక్కటే, మంటలార్పే సిలిండరు కౌంటరు దగ్గర తప్ప లోపల లేదు, మూడో గదిలో వైరు జాయింటు టేపు ఊడి వేలాడుతోంది. ఈ మూడూ వెంటనే సరిచేయాల్సినవి.

మార్కులు: స్లెండర్ మ్యాన్‌కి పదికి మూడు, మోమోకి నాలుగు, సైరన్ హెడ్‌కి రెండు, బ్యాక్‌రూమ్స్‌కి తొమ్మిది. బయటికొచ్చేచోట 50 రూపాయలకి ఫోటో ఇస్తున్నారు, స్లెండర్ మ్యాన్ భుజం మీద చెయ్యేసి. అది వద్దు. నాలుగో గదిలో తియ్యమనండి, ఫ్లాష్ లేకుండా, ఎవరూ లేకుండా.