వాయె రెబోకి వెళ్తే డబ్బు ఊరి చేతికే ఇవ్వండి

ముందుగా చెప్పాల్సింది ముందే చెప్తాను. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, కొండల మీదున్న వాయె రెబో ఊరికి వెళ్లాలనుకుంటే ఆ దీవి రేవు పట్టణం లబువాన్ బాజోలో ఏ ఏజెంటుకీ ఊరి రుసుము (ఊళ్లో బసకీ, భోజనానికీ అతిథులు కట్టేది) కట్టకండి. మేం కట్టాం. అందులో ఒక్క పైసా ఊరికి చేరలేదు. అదే డబ్బు రెండోసారి ఊళ్లో కట్టాల్సి వచ్చింది. అంత జరిగాక కూడా ఆ ఊరికి వెళ్లినందుకు మా ముగ్గురికీ సంతోషమే. ఆ రెండు సంగతులూ రాయాలనే ఇది మొదలుపెట్టాను.

2023 జులైలో వెళ్లాం. నేను, మావారు, మా అక్క కొడుకు కార్తీక్. వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఇల్లు కదలక కదలక కదిలాడు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా బాలి, అక్కడినుంచి గంటకు పైగా ఇంకో విమానంలో లబువాన్ బాజో. బాలిలో దిగగానే వీసాకి మనిషికి 5,00,000 రుపియా కట్టాం. అప్పటి లెక్కన మన రూపాయికి సుమారు 185 రుపియా, అంటే రెండు వేల ఏడు వందలు. (2024 ఫిబ్రవరి నుంచి బాలిలో దిగే విదేశీయుల దగ్గర ఇంకో 1,50,000 తీసుకుంటున్నారు, అదీ లెక్కలో వేసుకోండి.) బాలిలో రెండు రోజులు, కొమొడో దీవి పడవ ప్రయాణం ఒక రోజు హాయిగా గడిచిపోయాయి. వాటి గురించి చాలామంది రాశారు.

లబువాన్ బాజో రేవు దగ్గర ఒక చిన్న ఆఫీసు. గోడ నిండా వాయె రెబో ఫోటోలు. లోపలున్నాయన నవ్వు మొహంతో కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, కాగితం మీద ఒక్కొక్కటే రాసి చూపించాడు. మూడు రోజులకు కారు, డ్రైవరు, కొండ కింద దెంగె ఊళ్లో ఒక రాత్రి బస, గైడు, వాయె రెబోలో ఒక రాత్రికి ఊరి రుసుము, భోజనాలు, అన్నీ కలిపి మనిషికి 22,50,000. ముగ్గురికి 67,50,000 రుపియా, అంటే మన లెక్కలో ముప్పై ఆరు వేల పైచిలుకు. ఎక్కువే అనిపించింది. కానీ "అన్నీ ఇందులోనే, అక్కడ మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు" అని రెండుసార్లు చెప్పాడు. మావారు నగదు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నారు. ఆ రసీదులో మొత్తం ఒక్కటే ఉంది, దేనికెంత అన్న విడి లెక్క లేదు. అది అప్పుడే చూసుకోవాల్సింది.

ఆ రాత్రి బస కూడా బాగోలేదు. సముద్రం కనిపించే గది అని 4,50,000 తీసుకుని ఇచ్చిన గదికి కిటికీ తెరిస్తే వెనకింటి జనరేటరు. కుళాయిలో ఉప్పునీళ్లు. తెల్లారేసరికి మావారి కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఎవరితోనూ మాట్లాడలేదు.

పొద్దున ఏడింటికి రావాల్సిన కారు తొమ్మిదింపావుకి వచ్చింది. లెంబోర్ దాకా రోడ్డు బాగానే ఉంది. అటు తర్వాత మలుపులు, గుంతలు, అక్కడక్కడా ఊడిపోయిన తారు. దారి పొడుగునా వరిపొలాలు, పక్కనే సముద్రం, ఇంకో మలుపు తిరిగితే కొండ. దెంగె చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అక్కడ బస ఇచ్చే ఇంటాయన బయటికొచ్చి మా పేర్లు అడిగాడు, పుస్తకం తెరిచాడు, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు. మా పేర్లు లేవు. డ్రైవరు తల గోక్కుంటూ, "నాకు పెట్రోలుకీ, నా కూలికీ మాత్రమే ఇచ్చారు" అన్నాడు. ఏజెంటుకి మెసేజ్ పెట్టాం. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కార్తీక్ ఆ రసీదు ఫోటో కూడా పంపాడు, దానికీ నీలం గుర్తులే.

ఇంటాయన తప్పేం లేదు. గది ఇచ్చాడు, రాత్రి అన్నం, పొద్దున టిఫిన్ కలిపి మనిషికి 2,50,000. మర్నాటికి గైడుని కుదిర్చిపెట్టాడు, మా ముగ్గురికీ కలిపి 4,00,000. బైకు మీద బండిదారి చివర వాయె లొంబా దాకా దింపడానికి మనిషికి 50,000, ఇది ఎలాగూ ప్యాకేజీలో లేనిదే. మావారు డబ్బు తీసిచ్చారు గానీ అన్నం సరిగ్గా తినలేదు. "వెనక్కి వెళ్లిపోదామా పిన్నీ" అని కార్తీక్ నా చెవిలో అడిగాడు. ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్లేది లేదని గట్టిగా చెప్పాను.

పొద్దున్నే ఆరున్నరకి నడక మొదలు. వాయె లొంబా అని ఒక వాగు. అక్కడివాళ్ల మంగ్గరాయ్ భాషలో 'వాయె' అంటే నీళ్లేనట. అక్కడినుంచి అడవిలో సన్నటి కాలిబాట, ఒక పక్క లోయ. మాకు మూడు గంటలు పట్టింది. మా గైడుకైతే గంటన్నర చాలట. దారిలో ఎదురైనవాళ్లు భుజాల మీద కాఫీ బస్తాలు మోసుకుని కిందికి దిగుతున్నారు. ఇంకొందరు బియ్యం, గ్యాసు సిలిండరు పైకి మోసుకెళ్తున్నారు. ఆ ఊళ్లో మనం తినే ప్రతి ముద్దా ఇలా ఎవరో ఒకరి భుజం మీద ఎక్కిందే. అది కళ్లారా చూశాక ఊరి రుసుము గురించి నాకు మళ్లీ బేరమాడాలనిపించలేదు.

చివరి మలుపు దగ్గర ఒక చిన్న పాక ఉంది. అక్కడ వేలాడే వెదురు గంటను గైడు టకటకా మోగించాడు. అతిథులు వస్తున్నారని ఊరికి కబురన్నమాట. అది మోగించకుండా దిగకూడదు. అక్కడినుంచి చూస్తే కింద మంచులో ఏడు ఇళ్లు. శంకువు బోర్లించినట్టు నున్నటి గడ్డికప్పు నేల దాకా దిగి ఉంటుంది. మధ్యలో రాళ్లు పేర్చిన గుండ్రటి అరుగు, దాని చుట్టూ ఏడు ఇళ్లూ అర్ధచంద్రంగా నిలబడ్డాయి. మావారు అంతసేపటి తర్వాత నోరు తెరిచి "అబ్బా" అన్నారు. సుమారు 1,200 మీటర్ల ఎత్తు, మన అరకు కంటే పైన.

కెమెరాలు బయటికి తియ్యొద్దన్నాడు గైడు. ముందు పెద్దింట్లోకి వెళ్లాలి. అక్కడ ఊరి పెద్ద పూర్వీకులకు మా రాక చెప్పి, మళ్లీ ఇంటికి చేరేదాకా మమ్మల్ని కాపాడమని అడుగుతాడు. దాన్ని వాయె లుఉ అంటారు. చీకటిగా ఉన్న లోపల, చాప మీద కూర్చున్నాం. పై దూలాల నుంచి డోళ్లు వేలాడుతున్నాయి. మధ్యలో పొయ్యి, పొగ కళ్లల్లో పడుతోంది. ఆ పొగే కప్పులోని గడ్డికి పురుగు పట్టకుండా కాపాడుతుందట. ముసలాయన గొంతు చిన్నది, మాట ఆగకుండా వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను చేతులు జోడించాను. ఆయన చూసి తల ఊపాడు. దక్షిణగా 50,000 పెట్టాం. ఊళ్లోవాళ్లు చాలామంది క్యాథలిక్కులు, అయినా పూర్వీకుల మాట ముందు.

ఇక కాఫీ. గాజు గ్లాసులో పొడి, పంచదార వేసి మరిగే నీళ్లు పోస్తారు, వడకట్టరు. మడ్డి కిందికి దిగేదాకా ఆగి పైనుంచి తాగాలి. ఆ కాఫీ ఆ ఊరి చుట్టూ కొండవాలు మీద పండినదే. తాగాక ఒకాయన పుస్తకం తెచ్చాడు. ఊళ్లో రాత్రి ఉండేవాళ్లకి అప్పట్లో మనిషికి 3,25,000, భోజనం, పడక అన్నీ అందులోనే. మావారు రసీదు తీసి చూపించి, మేం అక్కడ కట్టేశామని చెప్పారు. ఆయన విసుక్కోలేదు. పుస్తకం మా వైపు తిప్పి ఆ నెల పేజీలన్నీ ఒక్కొక్కటీ చూపించాడు. ఏ ఏజెంటు ఎవరిని పంపాడో, ఎంత కట్టాడో అన్నీ రాసి ఉన్నాయి. మా పేర్లు మాత్రం లేవు. "ఇది నా డబ్బు కాదు, అన్ని ఇళ్లదీ. నేను వదిలెయ్యడానికి లేదు" అన్నాడని గైడు చెప్పాడు. ఆ మాట విన్నాక మావారి కోపం ఊరి మీద లేకుండా పోయింది. 9,75,000 లెక్కపెట్టి ఇచ్చారు. ఆయన మా కళ్ల ముందే మూడు పేర్లూ రాసుకున్నాడు.

ఆ ఇళ్ల గురించి కొంచెం చెప్పాలి. ఒక్కో దాన్ని మ్బారు నియాంగ్ అంటారు. లోపల అయిదు అంతస్తులు. కింద మనుషులుంటారు, ఆ పైన తిండిగింజలు, ఆ పైన విత్తనాలు, ఇంకా పైన కరువు కాలానికి దాచిన నిల్వ, అన్నిటికన్నా పైన పూర్వీకులకు నైవేద్యం. మేకులు లేవు, దూలాలన్నీ పేముతో కట్టినవే. 2008 నాటికి ఏడింటిలో నాలుగే మిగిలాయట. జకార్తా నుంచి వచ్చిన ఆర్కిటెక్టు యోరి అంతర్ బృందం సాయంతో ఊరివాళ్లే తమ చేతులతో మళ్లీ ఏడూ నిలబెట్టారు. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అత్యున్నతమైనది ఈ ఊరికి వచ్చింది. బడి మాత్రం పైన లేదు. పిల్లలు కింద కొంబో ఊళ్లో ఉండి చదువుకుంటారు. అందుకే పైన ముసలివాళ్లు, చంటిపిల్లలే ఎక్కువ కనిపించారు.

మధ్యాహ్నం ఇళ్ల మధ్య వాకిలంతా చాపలు పరిచి కాఫీ గింజలు ఎండబెట్టారు. ఒక పెద్దావిడ చేటతో చెరుగుతోంది. అచ్చం మన చేటే, వెదురుది, అంచు మాత్రం కొంచెం గుండ్రం. పక్కన కూర్చున్నాను. ఆవిడ గింజలు ఎగరేస్తే పల్చటి పొట్టు గాలికి నా చీర మీద పడుతోంది. తర్వాత బొటనవేలితో ఒక్కో నల్లగింజనీ పక్కకి నెట్టేది. ఆ వేలిగోరు కాఫీ రంగుకి తిరిగిపోయింది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే, నాకూ చెరగడం వచ్చు. చేట అడిగి తీసుకుని నాలుగుసార్లు ఎగరేశాను. "బిసా! బిసా!" అని గట్టిగా నవ్వి, లోపల్నుంచి ఇంకో ఇద్దర్ని పిలిచింది. వచ్చు, వచ్చు అని అర్థం. తర్వాత మావారి వైపు చూపించి "సుఆమి?" అని అడిగింది. స్వామి అన్నట్టే వినిపించింది. ఇండోనేషియా భాషలో భర్తని అదే అంటారట, భార్యని 'ఇస్త్రి' అంటారు. ఫ్లోరెస్‌లో పెద్ద ఆడవాళ్లని 'మామా' అని పిలుస్తారు. కార్తీక్ ఆ సాయంత్రమంతా ఆవిడని మామా, మామా అంటూ వెంట తిరిగాడు. ఫోనుకి సిగ్నల్ లేదని వాడు ఒక్కసారి కూడా సణగలేదు.

రాత్రి భోజనం నేను మర్చిపోను. మావారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఫ్లోరెస్‌లో దిగిన దగ్గర్నుంచి తెల్లన్నం, అరటిపళ్లతోనే నెట్టుకొచ్చారు. ఇక్కడ చాప మీద వరసగా పెట్టినవి వేడన్నం, బెంగళూరు వంకాయ కూర, కర్రపెండలం ఆకు వేపుడు, కోడిగుడ్డు అట్టు, పచ్చిగా నూరిన మిరపకాయల సంబల్. ఆ సంబల్‌లో రొయ్యలు, చేపలు లేవు కదా అని గైడుతో రెండుసార్లు అడిగించాం, మిరప, టమాటా, ఉప్పేనన్నారు. అది కలుపుకుని ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. గుడ్డు పక్కన పెట్టడం వంటింటి మామా గమనించినట్టుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. పొద్దున అందరికీ గుడ్డుతో వేపిన అన్నం వస్తే, ఆయన ముందు మాత్రం విడిగా కర్రపెండలం ఉడకబెట్టి, సంబల్‌తో పెట్టి వెళ్లింది. అయిదు రోజుల్లో ఆయనకోసం ఎవరైనా వండిన వంట అదొక్కటే.

పడక కూడా చెప్పాలి. గుండ్రటి ఇంట్లో గోడ వెంట చాపలు, పల్చటి పరుపులు, దిండ్లు, దుప్పటి. తలలు గోడ వైపు, కాళ్లు మధ్యకి. మధ్యలో తెరలు లేవు. మాతో ఇంకో పదిమంది ఉన్నారు, గురక వినక తప్పదు. దుప్పటి చాలదు, స్వెటరు, సాక్సులు తెచ్చుకోండి. రాత్రి పదింటికి జనరేటరు ఆపేస్తారు. బాత్రూములు బయట, శుభ్రంగానే ఉన్నాయి, నీళ్లు మంచులా ఉంటాయి, టార్చి తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం తీసుకురాకండి, దిగేటప్పుడు నరకం.

కాఫీ పొడి పావుకిలో 60,000 చొప్పున నాలుగు కొన్నాం. బేరం ఆడలేదు, మీరూ ఆడకండి.

లబువాన్ బాజోకి తిరిగొచ్చాక నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లాం. రెండు గంటలు కూర్చున్నాం. పొరపాటన్నాడు, డ్రైవరుకి ఇచ్చానన్నాడు, రేపు రమ్మన్నాడు. డ్రైవరు మాతోనే ఉన్నాడు, ఎదురుగా నిలబడి తనకెంత ఇచ్చాడో చెప్పాడు. మేం రెండోసారి కట్టింది మొత్తం 21,25,000. చివరికి 5,00,000 చేతిలో పెట్టాడు. మిగతా 16,25,000, అంటే సుమారు ఎనిమిది వేల ఎనిమిది వందల రూపాయలు పోయినట్టే.

కారు మాత్రం మాట్లాడుకోండి, అదీ డ్రైవరుతో నేరుగా. బస, గైడు దెంగెలో దిగాక ఎవరికివారే కుదుర్చుకోవచ్చు. ఊరి రుసుము వాయె రెబో పుస్తకంలో మీ పేరు రాయించుకుని, ఆ చేతికే ఇవ్వండి. లబువాన్ బాజో దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు, నగదు అక్కడే తీసుకోండి. మే నుంచి అక్టోబరు దాకా దారి పొడిగా ఉంటుంది. నవంబరులో వానలు, జలగలు. కానీ వాళ్ల కొత్త సంవత్సరం పండుగ పెంతీ ఆ నెలలోనే. వానైనా సరే ఈసారి దానికే వెళ్దామని మావారు ఇప్పటినుంచే అంటున్నారు.