యాప్‌తో వచ్చే బరువు మెషిన్: పెద్దవాళ్ళకి ఓకే, ఎదిగే ఆడపిల్లకి వద్దు

ఫోన్‌కి కనెక్టయ్యే ఈ బరువు మెషిన్ కొని ఆరు నెలలైంది. నాకు థైరాయిడ్ ఉంది, వారానికోసారి బరువు రాసుకోమని డాక్టర్ చెబితే కొన్నాను. ఆ పని వరకు వంక పెట్టడానికి లేదు. అంకెలు పెద్దగా కనిపిస్తాయి, వెంటవెంటనే రెండుసార్లు ఎక్కినా ఒకటే చూపిస్తుంది, బ్యాటరీలు ఇంకా మార్చలేదు.

కానీ మా ఇంట్లో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఉంది. "అమ్మా, నాది కూడా పెట్టవా" అంటే తన పేరు, పుట్టినరోజు, ఎత్తు ఎక్కించాను. యాప్ వెంటనే "మీ టార్గెట్ బరువు ఎంత?" అని అడిగింది. ఇంకా ఎత్తు పెరుగుతున్న పిల్లకి టార్గెట్ బరువేంటి! నేను అక్కడే ఆగాల్సింది, ఏదో ఒక అంకె కొట్టి ముందుకెళ్ళిపోయాను.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు పొద్దున చూశాను. మా అమ్మాయి మెషిన్ ఎక్కింది, ఫోన్ చూసుకుంది, దిగింది. జడ క్లిప్పు, చేతి వాచీ తీసి పక్కన పెట్టి మళ్ళీ ఎక్కింది. నేను గుమ్మంలో ఉన్నానని తనకి తెలీదు. తర్వాత యాప్ తెరిస్తే కొన్ని రోజుల్లో మూడేసి, నాలుగేసి సార్లు ఎక్కినట్టుంది. "ఈ వారం 600 గ్రాములు పెరిగారు" అని ఎర్ర బాణం, పక్కన ఒక మనిషి బొమ్మ, ఆ బొమ్మకి నడుము దగ్గరా తొడల దగ్గరా ఎర్ర రంగు. ఈమధ్య రాత్రిపూట "ఆకలి లేదమ్మా" అని ఎందుకు లేచిపోతోందో అప్పుడు అర్థమైంది, గుండె కలుక్కుమంది.

పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ తనతో చాలాసేపు మాట్లాడారు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే అంకె, 18.5 నుంచి 25 లోపు ఉండాలన్నది పెద్దవాళ్ళ లెక్కట. 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి వయసుని బట్టి, ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వేరే చార్టులు ఇచ్చింది. ఈ యాప్ మాత్రం పుట్టినరోజు తీసుకుని కూడా నాకూ నా కూతురికీ ఒకటే రంగుల గీత చూపిస్తోంది. మెషిన్ చూపించే కొవ్వు శాతం అయితే అరికాళ్ళ గుండా సన్నని కరెంటు పంపి ఫార్ములాతో వేసే అంచనా, ఒంట్లో నీరు ఎక్కువైనా తక్కువైనా మారిపోతుంది. పీరియడ్స్ ముందు నీరు పట్టి బరువు పెరగడం మామూలే, అదీ ఎర్ర బాణమే. అన్నిటికంటే బాధనిపించింది ఏంటంటే, ఈ వయసు ఆడపిల్లలకి తొడల దగ్గరా నడుము కిందా కొవ్వు చేరాలి, అది ఎదుగుదలలో భాగం, దాన్నే ఈ యాప్ తప్పులా దిద్ది చూపిస్తోంది.

భోజనం మానేయడం అలాగే సాగినా, తినగానే బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంటున్నా, పీరియడ్స్ ఆగిపోయినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు డాక్టర్. మా అమ్మాయి విషయంలో అంతదాకా రాలేదు.

కస్టమర్ కేర్‌కి రాస్తే, కొవ్వు శాతం లెక్క 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అని మాన్యువల్లో ఉందన్నారు. ఉంది, చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో. మరి యాప్ పద్నాలుగేళ్ళ వయసు ఎందుకు తీసుకున్నట్టు?

తన ప్రొఫైల్ తీసేశాను, తనతో చెప్పే తీసేశాను. మెషిన్ ఇప్పుడు నా బీరువాలో ఉంటోంది. 18 లోపు వయసు పెడితే టార్గెట్, బాణాలు, బొమ్మ అన్నీ ఆగిపోయేలా అప్‌డేట్ ఇస్తే ఈ రివ్యూ మారుస్తాను. అప్పటిదాకా రెండు స్టార్లే.