జాన్ క్విన్సీ ఆడమ్స్, ఆండ్రూ జాక్సన్: పదవి ముందు, పదవి తర్వాత

అమెరికా అధ్యక్షులైన ఈ ఇద్దరూ 1767లోనే పుట్టారు. ఆడమ్స్ రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కొడుకు; చిన్నప్పుడే తండ్రి వెంట యూరప్ తిరిగాడు. జాక్సన్ పుట్టకముందే తండ్రి పోయాడు, పద్నాలుగేళ్లకు తల్లీ పోయింది. ఏ అండా లేకుండా పైకొచ్చాడు కాబట్టి, అక్కడివరకు నా మొగ్గు జాక్సన్ వైపే.

1824 అధ్యక్ష ఎన్నికల్లో జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున పడే, అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు), ఆడమ్స్‌కు 84. మిగతావి వేరే అభ్యర్థులకు పోయి, ఎవరికీ సగానికి మించి రాక, ప్రతినిధుల సభ (అమెరికా చట్టసభలో దిగువ సభ) ఆడమ్స్‌ను ఎన్నుకుంది. 1828లో జాక్సన్ గెలిచాడు.

జాక్సన్ 1830లో ఆదివాసులను సొంత నేల నుంచి తరలించే చట్టంపై సంతకం చేశాడు. చివరిదాకా బానిసలను ఉంచుకున్నాడు. ఆడమ్స్ మాత్రం అధ్యక్ష పదవి చేసి దిగాక, 1831లో మామూలు సభ్యుడిగా ప్రతినిధుల సభకు వచ్చాడు. నాకు ఎక్కువ గౌరవం ఈ రోజుల మీదే. బానిసత్వం వద్దంటూ జనం పంపే అర్జీలను చర్చకే రానివ్వని నిబంధనపై ఏళ్ల తరబడి పోరాడి, 1844లో రద్దు చేయించాడు. 1841లో, 73 ఏళ్ల వయసులో, బానిసలుగా తరలిస్తుంటే అమిస్టాడ్ ఓడలో తిరగబడ్డ ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించాడు, వాళ్లు విడుదలయ్యారు. 1848లో సభలోనే కుప్పకూలి, రెండు రోజులకు అదే భవనంలో కన్నుమూశాడు.