చైనా రాజవంశాలు చూడాలంటే ముందు షియాన్, తర్వాతే బీజింగ్

చైనా వెళ్లే మనవాళ్లలో చాలామంది బీజింగ్‌లో దిగి, గ్రేట్ వాల్ మీద ఫొటోలు తీసుకుని, షాంఘై నుంచి తిరుగు విమానం ఎక్కేస్తారు. రాజవంశాల చరిత్ర కోసం వెళ్తుంటే మాత్రం ముందు షియాన్‌లో దిగండి. చిన్, పశ్చిమ హాన్, టాంగ్ వంశాల రాజధానులన్నీ ఆ చుట్టుపక్కలే. బీజింగ్‌లో కనిపించేది ఎక్కువగా మింగ్, చింగ్‌ల వైభవం, అంటే కథలో చివరి భాగం.

మట్టి సైనికుల దగ్గర జనాన్ని చూసి టెన్షన్ పడకండి. చిన్ చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిపెట్టి, 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ సైన్యమిది. మొదటి గుంట చాలా పెద్దది, కానీ బొమ్మలు దూరంగా ఉంటాయి. రెండో గుంట దగ్గర అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడున్నాడు. వెనక్కి వెళ్లి అతని చెప్పు అడుగు చూడండి. మడమ, వేళ్ల దగ్గర కుట్లు దగ్గరదగ్గరగా, మధ్యలో ఎడంగా చెక్కారు. మట్టిలో పూడ్చేసే బొమ్మకి ఈ పట్టింపు! క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ షిహువాంగ్ లిపి, తూనికలు, చివరికి బండి ఇరుసు వెడల్పు కూడా ఒకే కొలతకి తెచ్చాడంటే నమ్మబుద్ధేస్తుంది. అంతా చేసి ఆ వంశం నిలిచింది పదిహేనేళ్లే.

ఇక్కడికి గ్రూప్ టూర్ వద్దు. మేం ఎక్కిన బస్సు దారిలో ఒక పచ్చరాళ్ల దుకాణం దగ్గర ఆగి, మాలో కొందరు కొనేదాకా కదల్లేదు. మెట్రో ఎక్కి, అక్కడి నుంచి సిటీ బస్సులో హాయిగా వెళ్లొచ్చు.

నాకు అంతకంటే నచ్చింది హాన్ యాంగ్‌లింగ్. విమానాశ్రయం వైపు ఉంటుంది, రద్దీ తక్కువ. హాన్ చక్రవర్తి జింగ్ సమాధి గుంటల మీద గాజు నేల పరిచారు, సరిగ్గా తవ్వకాల పైనే నడుస్తాం. బొమ్మలు రెండడుగుల లోపే. చెక్క చేతులు, బట్టలు కుళ్లిపోవడంతో చేతుల్లేకుండా నగ్నంగా నిలబడి ఉంటాయి. పక్కనే మట్టి పందులు, గొర్రెలు, కుక్కల మందలు. చిన్ చక్రవర్తి చచ్చాక కూడా యుద్ధానికి సిద్ధపడితే, ఈయన భోజనానికి సిద్ధపడినట్టుంది.

టాంగ్ కాలం కోసం పెద్ద అడవిబాతు పగోడా. హ్యూయన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాల కోసం 652లో కట్టారు. ఆయన మన అమరావతి దగ్గరి ధాన్యకటకానికీ వచ్చినవాడే కాబట్టి, తెలుగువాళ్లు ఓపిక చేసుకుని పైకెక్కాల్సిందే. సాయంత్రం పక్క వీధిలో దీపాలతో మెరిసే ‘టాంగ్ నగరం’ మాత్రం నిన్నమొన్న కట్టిన సెట్టింగే. పిల్లలుంటే వెళ్లండి.

బస విషయంలో ఆలోచన అక్కర్లేదు. పాత గోడ లోపల, గంట గోపురం చుట్టుపక్కల గది తీసుకోండి, మెట్రో, తిండి అన్నీ నడిచే దూరమే. ఆ గోడ మింగ్‌ల కాలానిది, దాదాపు 14 కిలోమీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు. శాకాహారులకి ముస్లిం వీధిలో కష్టమే. లియాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్ మాంసం లేకుండా దొరుకుతాయి, కారం మనకి సరిపోతుంది. ఇండియాలోనే ఫోన్లో అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని కార్డు జతచేసుకోండి. నోట్లు తీస్తే చిల్లర కోసం దుకాణదారు తడుముకుంటాడు.

బీజింగ్ వెళ్లే దారిలో షియాన్ నుంచి లువోయాంగ్‌కి హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. ఆ ఊరి లాంగ్‌మెన్ గుహల్లో 17 మీటర్ల వైరోచన బుద్ధుడి కోసం వు జెటియాన్ తన అలంకరణ ఖర్చుల డబ్బు ఇచ్చిందని అక్కడి శాసనంలోనే ఉంది. చైనా చరిత్రలో తన పేరనే సింహాసనమెక్కిన ఏకైక స్త్రీ ఆవిడ.

ఇక బీజింగ్. రాజప్రాసాదం (ఫర్బిడెన్ సిటీ) టికెట్ పాస్‌పోర్ట్ నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం సాధారణంగా సెలవు. 1420లో పూర్తయిన ఈ కోటలో మింగ్, చింగ్‌లు కలిపి 24 మంది చక్రవర్తులు పాలించారు. ఉత్తర ద్వారంలోంచి బయటికి రాగానే ఎదురుగా జింగ్‌షాన్ గుట్ట. 1644లో తిరుగుబాటుదారులు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆఖరి మింగ్ చక్రవర్తి ఉరేసుకున్నది అక్కడే. టికెట్ నామమాత్రం. లోపల మూడు గంటలు నడిచినా అర్థంకాని కోట నక్షా, గుట్ట పైనుంచి ఒక్క చూపులో తెలుస్తుంది.